అమావాస్య రోజు పోసిన స్లాబు

ఆడిటర్ గిరిప్రసాద్ తన నివేదికను సాయంత్రం నాలుగింటికి పంపిస్తానని కబురు పెట్టాడు. నాచారంలో బసవరాజు గారి ఇంటి గేటు తీసేసరికి నా వాచీలో పది గంటల ఇరవై నిమిషాలు. ఒక నిజాయితీపరుడి పేరు నిలబెట్టడానికి అయిదు గంటల నలభై నిమిషాలు మిగిలాయన్నమాట. అంతకన్నా తక్కువ టైములో తేల్చిన కేసులు నా దగ్గర ఉన్నాయి. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటే. ఆ అలవాటు ఆ రోజు ఎంత పని చేసిందో చివర్లో చెబుతాను.

నా పేరు త్రివేణి. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో బేరింగుల షాపు పైన రెండు గదుల ఆఫీసు నాది. బోర్డు మీద డిటెక్టివ్ అని ఉంటుంది, లేడీ డిటెక్టివ్ అని ఉండదు. మా నాన్న పాలమూరు నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ. నా చిన్నప్పుడు మేం కడుతున్న మేడల్లోనే కాపురం ఉండేవాళ్ళం. స్లాబు పడి, గోడలు లేచి, సున్నాలు వేసే వేళకు సామాను సర్దుకుని ఇంకో మేడకు మారేవాళ్ళం. కాలేజీలో ఈ సంగతి దాచుకున్నాను. ఇప్పుడైతే విజిటింగ్ కార్డు మీదే వేయించుకోవాలనిపిస్తుంది.

కేసు అర్థం కావాలంటే ముందు నాలా సంగతి తెలియాలి. నాలుగు చినుకులు పడితే చాలు, నాచారం నుంచి ఉప్పల్ దాకా మోకాలి లోతు నీళ్ళు. నీళ్ళు పోవడానికి పెద్ద కాలవ, అంటే నాలా, కట్టాలి, కట్టడానికి తూర్పు నగర సంస్థ దగ్గర డబ్బు లేదు. అందుకని సంస్థ అప్పు చేసింది, అదీ నేరుగా జనం దగ్గర. తొంభై కోట్లకు బాండ్లు అమ్మింది. పదివేలు పెట్టగలిగిన వాళ్ళెవరైనా కొనుక్కోవచ్చు. ఈ చుట్టుపక్కల కట్టే ఇంటిపన్ను ముందుగా ఒక విడి ఖాతాలో పడుతుంది. అందులోంచి ఆర్నెల్లకోసారి బాండ్లవాళ్ళకు వడ్డీ వెళ్ళాకే మిగిలింది సంస్థ చేతికొస్తుంది. అప్పుగా వచ్చిన సొమ్మును కూడా సంస్థ ఇష్టమొచ్చినట్టు తియ్యడానికి లేదు. ఎంత నాలా కట్టారో బయటి ఇంజనీరు ఒకాయన కొలిచి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డ మేరకే డబ్బు విడుదలవుతుంది.

ఆ సంతకం బసవరాజు గారిది. ప్రభుత్వ పరిశోధన సంస్థలో ముప్పై రెండేళ్ళు సివిల్ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి.

నాలా రోడ్డు కిందే పోతుంది, పైన కాంక్రీటు స్లాబు మూత. దానికి రెండు భాగాలు. ఉప్పల్ వైపు ఆరు వందల మీటర్లు, నాచారం వైపు నాలుగు వందల నలభై. ఆ సోమవారం రాత్రి తొలి వాన కొట్టింది. నాచారం వైపు స్లాబు ఒకచోట కుంగి, ఒక షేర్ ఆటో ముందు చక్రం లోపలికి దిగబడింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. మంగళవారం పొద్దున ఏడూ ఇరవైకి రోడ్డు ఊడ్చే ఆవిడ ఆ గుంతలోకి తొంగి చూస్తే, కింద బసవరాజు గారు తల పగిలి పడి ఉన్నారు. నేను గేటు తీసింది శుక్రవారం. ఆసుపత్రిలో ఆయనకు అప్పటికింకా స్పృహ రాలేదు.

బాండ్లు కొన్నవాళ్ళ తరఫున కాపలా ఉండే ట్రస్టీ కంపెనీ వెంటనే గిరిప్రసాద్‌ను దింపింది. దొంగలెక్కలు పట్టుకునే ఆడిటర్లలో అతనికి పెద్ద పేరు. మూడు రోజుల్లో తేల్చేశాడు. కట్టని స్లాబులకు బసవరాజు దొంగ సర్టిఫికెట్ ఇచ్చాడు, దాని మీద పదకొండు కోట్లు విడుదలయ్యాయి, బండారం బయటపడుతుందని తెల్లారేసరికి తనే గుంతలో దూకాడు. నివేదిక సారాంశం అంతే. బసవరాజు గారి కూతురు హరిణి ఆ మాటలతో ఇంటికొచ్చిన నోటీసు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, మా నాన్న చనిపోయినా తట్టుకుంటాను గానీ ఈ పేరుతో చనిపోతే తట్టుకోలేను అంది. నేను ఫీజు మాట ఎత్తలేదు.

ఆయన భార్య తారామణి గారు తలుపు తీశారు. కాకినాడ వైపు మనిషి, ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్ళు దాటినా మాట మారలేదు. పూజ గదిలో దేవుడి పటాల పక్కనే లామినేషన్ చేయించిన కాగితం ఒకటి వేలాడుతోంది. బాండ్లు కేటాయించినట్టు సంస్థ పంపిన ఉత్తరం అది.

"రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లోంచి రెండు లక్షలు పెట్టారమ్మా," అన్నారావిడ. "తారా, మన వీధికి మనమే అప్పిచ్చాం అని ఎంత మురిసిపోయారో. అలాంటి మనిషి మన వీధినే ముంచుతారా?"

నేను మంగళవారం సంగతి అడిగాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ పూసగుచ్చినట్టు చెప్పారు. సోమవారం రాత్రి వానలోనే వెళ్ళి కుంగిన స్లాబు చూసొచ్చారట. నేను పాస్ చెయ్యని పనికి డబ్బెలా ఇచ్చారు అని గదిలో పచార్లు చేశారట. జనవరిలో మోకాలి ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు, ఆ రాత్రి దాకా, ఆయన గడప దాటలేదు. నాచారం వైపు పని ఆపేశాం, మీరు లేచి తిరిగాకే మొదలుపెడతాం అని కాంట్రాక్టరు మనిషి ఫోన్‌లో చెబితే నమ్మారు. మంగళవారం ఆరూ నలభైకి ఎవరికో ఫోన్ చేసి, కొలతలు రాసుకునే ఎర్ర అట్ట నోటుబుక్కు జేబులో పెట్టుకుని బయల్దేరారు. ఆ బుక్కు ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వరు. గుంతలో ఆయన దొరికారు గానీ బుక్కు దొరకలేదు. ఫోన్ నీళ్ళలో తడిసి పాడైంది.

గిరిప్రసాద్ ఇంటికి పంపిన నోటీసుతో పాటు రెండు సర్టిఫికెట్ల నకళ్ళు ఉన్నాయి. మొదటిది ఉప్పల్ వైపు ముప్పై స్లాబులకు, రెండోది నాచారం వైపు ఇరవై రెండు స్లాబులకు. స్లాబు స్లాబుకూ కాంక్రీటు పోసిన తేదీ ఉంది. నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆ తేదీలన్నీ నా పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నాను. ఆవిడ కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, మనసు తేలిక చేసుకోవడానికి అల్లుడి గురించి మొదలుపెట్టారు. రిషి పోచారంలో పెద్ద ఐటీ కంపెనీలో చేస్తాడు, కాపురం కూడా అక్కడే. కొడుకు లేని లోటు తీర్చాడు. ప్రతి నెలా మొదటి శనివారం వచ్చి పెసరట్టు తిని, కరెంటు బిల్లు, పెన్షన్ కాగితాలు, మామగారి కంప్యూటర్ పనులు అన్నీ చక్కబెట్టి వెళ్తాడు. మొన్న మంగళవారం కూడా, ఏడూ ఇరవై అయిదుకు తను ఏడుస్తూ ఫోన్ చేస్తే, ఏడూ ముప్పై అయిదుకల్లా గుంత దగ్గర ఉన్నాడు. అంబులెన్సు కన్నా ముందే వచ్చాడు.

నేను ఊఁ కొడుతూ తేదీలు రాసుకుంటున్నాను. చెవులు ఉండి కూడా వినలేదు. ఆ తప్పు నాదే.

పదకొండున్నరకు తేదీలన్నీ పూర్తయ్యాయి. మొదటి సర్టిఫికెట్‌లో ఒక లయ ఉంది. రెండోదాంట్లో ఏదో తేడా కొడుతోంది, ఏమిటో తెలియలేదు. తెలియనప్పుడు కాగితం వదిలి కాంక్రీటు దగ్గరికి పోవాలని నాన్న చెప్పేవాడు.

కుర్మయ్య మేస్త్రీ నాలా మీద నా కోసం ఎదురుచూస్తున్నాడు. ఉప్పల్ వైపు ముప్పై స్లాబులూ పోసింది ఆయన మనుషులే. మా నాన్న దగ్గర పని నేర్చుకున్నాడు కాబట్టి నన్ను ఇప్పటికీ బిడ్డా అనే పిలుస్తాడు. ముందు తన స్లాబు చూపిస్తానని పట్టుబట్టాడు. మురికి కాలవను చూపిస్తూ ఒక మనిషి అంత గర్వంగా నడవడం నేనెక్కడా చూడలేదు.

"గిది నాది బిడ్డా. దీని మీదికెల్లి టిప్పర్ వోయినా కదలది," అన్నాడు. స్లాబు అంచు దగ్గర కూర్చుని మట్టి తుడిచాడు. పచ్చి కాంక్రీటు మీద మేకుతో గీసిన అక్షరాలు కనిపించాయి. కు, దాని కింద 8-9-24.

నేను ముందుకు నడుస్తూ ఒక్కొక్క అంచే తుడిచాను. ప్రతి స్లాబుకూ ఆ గుర్తు ఉంది, ప్రతి గుర్తు కిందా తేదీ ఉంది. ఇదెవరి ఆలోచన అని కుర్మయ్యను అడిగాను.

"సారే రాయమన్నడు," అన్నాడు. "కుర్మయ్యా, కాయితం మీద నేను సంతకం పెడుతున్న, పోసినోనివి నువ్వు పెట్టవా అన్నడు. నా నలభై ఏండ్ల పనిల నన్ను సంతకం అడిగిన ఇంజనీరు ఆయన ఒక్కడే."

అంతటితో ఆగలేదు. అయిదుగురు మేస్త్రీలు తలా రెండు వేలు వేసుకుని కుర్మయ్య పేరు మీద ఒక బాండు కొన్నారట. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చూపించాడు. "ఈ నాలాల మా చెమటే కాదు, మా పైసలు గూడ ఉన్నయి. సర్కారే నాకు బాకీ ఉన్నది, నేను సర్కారుకు లేను," అన్నాడు.

మా నాన్న బతికుంటే ఆరో వాటా ఆయనదే అయ్యేది.

నా పుస్తకం తీసి మొదటి సర్టిఫికెట్ తేదీలు ఆ గుర్తులతో సరిచూశాను. ముప్పైకి ముప్పై కలిశాయి. పదిహేను రోజులు, రోజుకు రెండు స్లాబులు. క్యాలెండర్ తీసి చూస్తే పదిహేనూ ఆదివారాలే. నేను అనుకున్న లయ అదే. మిగతా రోజుల్లో ఈ రోడ్డు మీదకి పగలు కాంక్రీటు లారీలను రానివ్వరు కాబట్టి పెద్ద స్లాబులన్నీ ఆదివారం పొద్దున్నే వేస్తారని కుర్మయ్య చెప్పాడు. నాకు తెలిసిన సంగతే, వాడుక తప్పి మరిచిపోయాను. మధ్యలో రెండు ఆదివారాలు మాత్రం ఖాళీ. అక్టోబర్ పదమూడు, డిసెంబర్ ఒకటి. ఎందుకని అడిగాను.

"పదమూడంటే దసరా తెల్లారి. మావోళ్ళు ఊర్లనే ఉన్నరు. డిసెంబర్ ఒకటి..." వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "అమాస."

నేను చప్పున రెండో సర్టిఫికెట్ పేజీ తిప్పాను. జనవరి ఆరు నుంచి మార్చి ఇరవై ఎనిమిది దాకా ఇరవై రెండు తేదీలు. అందులో జనవరి ఇరవై తొమ్మిది, ఫిబ్రవరి ఇరవై ఏడు ఉన్నాయి. ఫోన్‌లో పంచాంగం చూసి, రెండూ అమావాస్యలేనని కుర్మయ్యకు చెప్పాను. రెండోది శివరాత్రి జాగారం తెల్లవారి.

ఆ తేదీలు నేనే రాశానేమో అన్నట్టు ఆయన నా వంక ఎగాదిగా చూశాడు. "అమాస నాడు మాల్ కలుపుతరా బిడ్డా? పార గూడ ముట్టం. మీ నాయిన ఎన్నడన్న ముట్టిండా?"

ముట్టలేదు. అమావాస్య రోజు మా నాన్న మమ్మల్ని సినిమాకు తీసుకెళ్ళేవాడు. నగరంలో ఏ మేస్త్రీనడిగినా చెబుతాడు, అది కూలీల అసలు సెలవు. బసవరాజు గారికి ముప్పై రెండేళ్ళుగా ఆ సంగతి తెలుసు. ఆయన చేత్తో అయితే ఆ రెండు తేదీలు పడవు.

కుంగిన చోటుకు వెళ్ళాం. పోలీసులు కట్టిన తాడు కింది నుంచి వంగి లోపలికి చూశాను. విరిగిన అంచున పైన రెండంగుళాల కాంక్రీటు, దాని కింద పాత షాబాద్ బండలు. ఇనుప సలాక ఒక్కటీ లేదు. జనవరిలో కాంట్రాక్టరు కుర్మయ్య మనుషులను పంపేసి, చుట్టూ రేకులు కట్టి, కొత్తవాళ్ళతో లోపల పని చేయించాడట. ఆ నాలుగు వందల నలభై మీటర్లూ కుర్మయ్య సుత్తితో కొట్టుకుంటూ నడిచాడు. ఎక్కడ కొట్టినా బోలు చప్పుడే. ఒక్క అంచు మీదా ఏ మేస్త్రీ గుర్తూ లేదు. ఈ పని చేసినవాడు తన పేరు చెప్పుకోలేడు.

ఒంటిగంటా పదికి హరిణికి ఫోన్ చేశాను. ఆనందంలో నా నోరు ఆగలేదు. మీ నాన్న గారు ఆ సర్టిఫికెట్ రాయలేదు, రాసినవాడికి స్లాబు అంటే ఏమిటో కూడా తెలియదు, ఆ తేదీలతోటే వాణ్ణి పట్టుకుంటాను అని ఆదివారాలూ అమావాస్యలూ అన్నీ ఏకరువు పెట్టాను. ఆమె స్పీకర్ ఆన్ చేసినట్టుంది. వెనకనుంచి రిషి గొంతు, శభాష్ అండీ, భలే పట్టుకున్నారు అంది. నేను పొంగిపోయాను.

రెండున్నరకు ఉప్పల్‌లో గిరిప్రసాద్ అద్దెకు తీసుకున్న ఆఫీసు మెట్లెక్కాను. బెజవాడ మనిషి, ఇస్త్రీ చెదరని చొక్కా, మర్యాదకు లోటు ఉండదు. ఆ మర్యాదతోనే మనిషిని కిందికి దించుతాడు. కూర్చోమని, మంచినీళ్ళు ఇప్పించి, మీ వృత్తిలో ఎక్కువగా పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలే ఉంటాయనుకుంటాను అన్నాడు. మీ వృత్తిలో మనుషులను చూడకుండానే తీర్పులిస్తారనుకుంటాను అన్నాను.

అతను వేళ్ళు మడుస్తూ తన కేసు చెప్పాడు. బసవరాజుకు సొంతంగా రెండు లక్షల బాండ్లున్నాయి, బయటి ఇంజనీరుకు ఉండకూడదు. మంచం మీద ఉండి కొలవకుండా సర్టిఫికెట్ ఇచ్చాడు. పట్టుబడ్డాక దూకాడు. నేను మొదటిదానికే అడ్డం తగిలాను. నాలా కూలితే ముందు మునిగేది బాండు ఉన్నవాడే, ఆయన బాండ్ల సంగతి సంస్థకు రాసిచ్చిన ఉత్తరం తారామణి గారి ఫైల్లోనే ఉంది. గిరిప్రసాద్ ఆ ఉత్తరం చూడలేదు. ఒప్పుకోవడానికి కొంచెం కష్టపడ్డాడు గానీ ఒప్పుకున్నాడు.

"కానీ సంతకం అబద్ధం చెప్పదండీ," అన్నాడు.

"సంతకం చెప్పది సార్. దాని పైన ఉన్న తారీకులు చెప్తయి. జర ఈ రెండు కాయితాలు పక్కపక్కన వెట్టి సూడండి."

మొదటిదాంట్లో ఆదివారాలు ఎందుకున్నాయో చెప్పాను. మేకు గుర్తుల ఫోటోలు, విరిగిన అంచు ఫోటోలు చూపించాను. రెండోదాంట్లో అమావాస్యలు చూపించాను. అతను తొణకలేదు. లాప్‌టాప్ ముందుకు లాక్కుని ఆ ఇరవై రెండు తేదీలూ కొట్టి, ఏ తేదీ ఏ వారమో పక్కన వచ్చేలా చేశాడు. చాలాసేపు తెర వంక చూశాడు. లెక్కల మనిషికి లెక్క తప్పితే ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. నాకు ముచ్చటేసింది, అతని మీద మొదటిసారి గౌరవం కూడా కలిగింది.

"ఆదివారమే కాదు, శనివారం కూడా ఒక్కటీ లేదు," అన్నాడు నెమ్మదిగా. "అన్నీ సోమవారం నుంచి శుక్రవారం లోపే."

పొద్దుట నాకు తేడా కొట్టింది అదే. కాంట్రాక్టరు మనుషులకు శనాదివారాలు ఉండవు. సంస్థ ఆఫీసు శనివారం కూడా తీస్తారు. ఈ తేదీలు కల్పించినవాడు పనిదినం అంటే సోమవారం నుంచి శుక్రవారం అనే అనుకుంటాడు. ఆలోచించి పెట్టినవి కావవి, అలవాటు మీద పడిపోయాయి.

"వారానికి అయిదు రోజులు పని ఎవరికుంటది సార్?"

"మా ఆఫీసుకుంది," అన్నాడు. "నన్ను అనుమానిస్తున్నారా?"

"మీ మెట్లెక్కుతున్నంతసేపు అనుమానించిన. మీరు ఈ కేసులకు వచ్చిందే మొన్న అని గుర్తొచ్చి ఇడిసిపెట్టిన."

అతను నవ్వలేదు. తన దగ్గరున్న ఆఖరి రుజువు తీశాడు. రెండో సర్టిఫికెట్ మీద ఉన్నది కలం సంతకం కాదు. పెన్‌డ్రైవ్‌లాంటి పరికరం కంప్యూటర్‌కు గుచ్చి, రహస్య సంఖ్య కొడితే పడే డిజిటల్ సంతకం. ఆ పరికరం బసవరాజు పేరు మీదే ఉంది. ఎక్కించింది ఏప్రిల్ అయిదున పొద్దున పదకొండూ పన్నెండుకు. అదీ బసవరాజు ఇంటి ఇంటర్నెట్ నుంచే. ఇంట్లో ఉన్నది ఆయనా, ఆయన భార్యా. ఇంకెవరు చేస్తారు అన్నాడు.

ఏప్రిల్ అయిదు ఏ వారమని అడిగాను.

శనివారం అన్నాడు. నెలలో మొదటి శనివారం.

పెసరట్టు, కరెంటు బిల్లు, పెన్షన్ కాగితాలు, మామగారి కంప్యూటర్ పనులు. పొద్దున నేను ఊఁ కొట్టిన మాటలన్నీ ఇప్పుడు వినిపించాయి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళెవరూ ఆ పరికరం తాము గుచ్చుకోరు. పిల్లల చేతికిచ్చి, రహస్య సంఖ్య కూడా కాగితం మీద రాసిచ్చి, నువ్వే కానిచ్చెయ్ నాయనా అంటారు. ఫైళ్ళ మీద ముప్పై రెండేళ్ళు ఒక్క పొల్లు సంతకం పెట్టని మనిషి, తన సంతకాన్నే అల్లుడి లాప్‌టాప్ బ్యాగులో పెట్టి పంపించాడు. నమ్మకం అనుకున్నాడు.

ఇంకొకటి. ఏడూ ఇరవై అయిదుకు అత్తగారు ఫోన్ చేస్తే రిషి ఏడూ ముప్పై అయిదుకు గుంత దగ్గర ఉన్నాడు. పోచారం నుంచి ఉప్పల్ చౌరస్తా దాటి నాచారం రావాలంటే ఆ వేళప్పుడు ముప్పై అయిదు నిమిషాలకు తక్కువ పట్టదు. రిషి పోచారం నుంచి రాలేదు. ఆరూ నలభైకి బసవరాజు గారు ఫోన్ చేసింది అతనికే, సర్టిఫికెట్ చూపించు, బయల్దేరి రా అని. ఫోన్ పెట్టేసిన రిషి కారెక్కాడు. ఏడుంబావు ప్రాంతంలో ఇద్దరూ ఆ గుంత పక్కన నిలబడి ఉండాలి. ఏడూ ఇరవైకి ఒక్కరే కింద ఉన్నారు. ఎర్ర నోటుబుక్కు రెండోవాడి జేబులో వెళ్ళిపోయింది.

ఇదంతా గిరిప్రసాద్‌కు చెప్పాను. నేను ఆపాక అతను లాప్‌టాప్ వైపు తిరిగి, నాలుగింటికి వెళ్ళాల్సిన నివేదికలో బసవరాజు గారి పేరున్న పేరాలు మూడూ నా కళ్ళముందే కొట్టేశాడు. ఇరవై ఏళ్ళలో నివేదిక వెనక్కి తీసుకోవడం తనకిదే మొదటిసారి అన్నాడు. ఆ మాట సిగ్గుపడుతూ అనలేదు, నిటారుగా కూర్చుని అన్నాడు. కాంట్రాక్టరు నుంచి రిషికి ఏం ముట్టిందో తెలిసేలా లెక్కలు తవ్వే పని తనది, పోలీసులకు ఫోన్ చేసే పని కూడా తనదే అన్నాడు.

గోడ గడియారంలో మూడూ నలభై. ఇరవై నిమిషాలు మిగిలుండగానే ఒక మనిషి పేరు నిలబెట్టాను. ఈ మాట ఎప్పుడు కుర్మయ్యకు చెబుతానా అని నాకు ఆరాటంగా ఉంది. మేకు పట్టుకుని పచ్చి కాంక్రీటు మీద రాసిన ఆ మోటు అక్షరాలు లేకపోతే, ఏ ఆడిటరూ ఏ డిటెక్టివూ ఈ కేసు తేల్చలేకపోయేవాళ్ళు. మా నాన్న వాళ్ళ అమావాస్యే ఒక ఇంజనీరు పరువు కాపాడింది.

అప్పుడు ఫోన్ మోగింది. హరిణి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతు.

"అక్కా, నాన్న కళ్ళు తెరిచారు. మాట ఇంకా రాలేదు. రిషిని చూడగానే చెయ్యి పైకెత్తారక్కా, అల్లుడంటే అంత ప్రేమ ఆయనకి."

నా చేతిలోని మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టాను. నిన్ననే ఆయన్ని ఐసీయూ నుంచి విడి గదికి మార్చారు, లోపల ఒక్కరే ఉండాలన్నారు, అది నాకు తెలుసు. ఇప్పుడు నువ్వెక్కడున్నావని అడిగాను. కింద క్యాంటీన్‌లో. మంగళవారం నుంచి సరిగ్గా తిన్లేదు, వెళ్ళి భోంచేసి రా, మామయ్య దగ్గర నేనుంటాను అని రిషే పంపించాడట. అయిదు నిమిషాలైందట.

ఒంటిగంటా పదికి నేను గొప్పగా చెప్పుకున్నదంతా ఎవరు విన్నారో గుర్తొచ్చింది. తేదీలతోటే వాణ్ణి పట్టుకుంటానన్నాను. శభాష్ అండీ అన్నాడు. ఆ తేదీలు తాను రాయలేదని చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన ఇప్పుడే కళ్ళు తెరిచాడు.

"హరిణీ, ప్లేటు అక్కడ్నే ఇడిసిపెట్టు. లిఫ్ట్ కోసం ఆగకు. నర్సును పిలుసుకుంట పైకి ఉరుకు. ఫోన్ పెట్టేయకు."

ఎందుకు అని ఒక్కసారి అడిగింది. ముందు ఉరకమన్నాను. గిరిప్రసాద్ అప్పటికే ఆసుపత్రి సెక్యూరిటీకి ఫోన్ కలుపుతూ కారు తాళాలు తీశాడు. మేమిద్దరం మెట్లు దిగుతుంటే నా చెవిలో ఆమె చెప్పుల చప్పుడు, రొప్పు, ఎవరినో తోసుకుని వెళ్తున్న అలికిడి. ఒక అంతస్తు, రెండు, మూడు. తర్వాత చప్పుడు ఆగింది. తలుపు మీద అరచేత్తో కొడుతున్న శబ్దం వినిపించింది.

"అక్కా," అంది హరిణి. "తలుపు లోపల్నుంచి గడియ పెట్టి ఉంది."